రోగశయ్యయు, సామూహిక ప్రార్థనయు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యానిధిని గుఱించియు, విద్యార్థి వసతిగృహమును గుఱించియు, వివాహవ్యయములను తగ్గించుటను గుఱించియు పెద్దలు ప్రసంగించిరి. కార్యదర్శిగారు నాకు నియమించిన విషయము "వ్యాధియందు సామూహిక ప్రార్థన, ధ్యానము" అనునది. నేను వైద్యుడను గాను, యోగిని గాను. ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు శబ్దములు, ధాతువులు, సమాసములు చెప్పి విశ్రాంతి గొన్న బడిపంతులను. ఐనను ఈ విషయమును గుఱించి మాటలాడుటకు నాకు రెండు యోగ్యతలు గలవు. ప్రార్థన పేర నేనొకప్పుడు పెద్ద తప్పు చేసితిని. ఆ ప్రార్థన వలననే మఱియొకప్పుడు మంచముమీదనుండి లేచుటకు ధైర్యమును బొందితిని. ఈ రెంటిని దాచక మీకు విన్నవించుటయే నా యుపన్యాసము.

మొదట తప్పును చెప్పుదును. 1994వ సంవత్సరమున మా యక్కగారికి రొమ్మునందు చిన్న గడ్డ కనబడెను. ఆమె సిగ్గుచేత ఇంటిలో నెవ్వరికిని చెప్పలేదు. రెండు నెలలైన పిమ్మట నాయొద్దకు వచ్చి, "తమ్ముడా, నీవు చదువుకొన్నవాడవు. ఏమి చేయుమందువో చెప్పుము" అని యడిగెను. నేను చదువుకొన్నవాడనే, కాని నా చదువు నాకు అహంకారము నిచ్చినంతగా వివేకము నియ్యలేదు. "భయపడకుము. మన యింట నొక మండలము పారాయణము చేయుదము" అంటిని. నలువదియొక్క దినములు సాయంకాలము ఇరువదిమంది బంధువులు కూడి సహస్రనామము పఠించిరి. ఎందులకు పఠించుచున్నామో నాకును ఆమెకును దప్ప వారిలో నెవ్వరికిని తెలియదు. ఆమె ముఖమునందు శాంతి కనబడెను. ఆ శాంతినే నేను స్వస్థత యనుకొంటిని. ఒక మండలము ముగిసినవెంటనే మఱియొకటి మొదలుపెట్టితిమి. ఇట్లు ఆఱు నెలలు గడచెను. తుదకు నొప్పి యోర్వలేక ఆసుపత్రికి పోయినప్పుడు వైద్యురాలు పరీక్షించి, "ఇన్నాళ్లు ఏమి చేయుచుంటిరి?" అని యడిగెను. ఆ ప్రశ్నకు నేను నేటివఱకు ఉత్తరము చెప్పలేదు. నేడు ఈ సభలో చెప్పుచున్నాను. మేము ప్రార్థించుచుంటిమి, ప్రార్థనచాటున దాగియుంటిమి. మా యక్క మఱుసటి యేట స్వర్గస్థురాలయ్యెను. నన్నొక మాటయైనను అనలేదు. అనినచో నాకు కొంత తేలికగా నుండెడిది.

కావున ప్రార్థన వ్యర్థమని కొందఱు తలంపవచ్చును. నేనును కొన్ని సంవత్సరము లట్లే తలంచి, పుస్తకములను కట్టిపెట్టితిని. తరువాత మెల్లగా నాకు తోచినదేమనగా, తప్పు ప్రార్థనయందు లేదు. ప్రార్థనను వైద్యుని పీటమీద కూర్చుండబెట్టుటయందున్నది. నేను గర్వముతో పేరు చెప్పుకొనుచుండిన శాస్త్రమే ఈ మాటను ముందుగనే చెప్పియుండెను. చరకసంహితయందు చికిత్స మూడు విధములుగా విభజింపబడినది. మంత్రము, జపము, హోమము మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములను యుక్తితో ప్రయోగించుట యుక్తివ్యపాశ్రయము. అహితమగు విషయములనుండి మనస్సును మరలించుట సత్త్వావజయము. ఈ మూడింటిలో నొకదానిని గైకొని తక్కినవి విడువుమని యాచార్యు డెచ్చటను జెప్పలేదు. జ్వరచికిత్సాధ్యాయమున విష్ణుసహస్రనామ పఠనము విధింపబడినమాట నిజము. కాని ఆ యధ్యాయమునందే లంఘనములు, గంజులు, కషాయములు, ఘృతములు ఎంత విస్తారముగా చెప్పబడినవో చూడుడు! నేను ఆ యొక్క పంక్తిని చదివి, తక్కిన యధ్యాయమును మూసివేసితిని.

ఇంకొక విషయము. చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి నుండవలసిన గుణములు నాలుగు: జ్ఞాపకశక్తి, వైద్యుని యాజ్ఞను పాటించుట, భయము లేకుండుట, తన బాధను ఉన్నదున్నట్లు చెప్పగలుగుట. ఈ నాలుగవ గుణమును నేను ఎన్నో పర్యాయములు పాఠము చెప్పినట్లు చెప్పియుంటిని. దాని యర్థము మా యక్కగారు పోయిన తరువాతనే తెలిసికొంటిని. మా పారాయణము ఆమె నోరు తెఱపింపలేదు, ఇంకను మూయించెను. ఇరువదిమంది చుట్టు కూర్చుండినను ఆమె తన బాధతో నొంటరిగనే యుండెను. ఇందువలన నాకొక గీటురాయి దొరకెను. ఏ సామూహిక ప్రార్థన రోగిచేత తన బాధను చెప్పించునో అది మంచిది. ఏది బాధను దాచించునో అది, ఎంత సుస్వరముగా సాగినను, మంచిది గాదు.

మహాజనులారా! ప్రార్థన వలన రోగము తప్పక కుదురునని మహాత్ములెవ్వరును మాట యియ్యలేదు. శ్రీరామకృష్ణ పరమహంసకు 1885వ సంవత్సరమున కంఠమునందు వ్రణ మేర్పడెను. డాక్టరు మహేంద్రలాల్ సర్కార్ చికిత్స చేయుచుండెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసమున ఆయనను కలకత్తా సమీపమునందలి కాశీపూరు తోటయింటికి చేర్చిరి. నరేంద్రుడు మొదలగు యువకులు ఇల్లువాకిళ్లు విడిచి అచ్చట చేరిరి. పగలు రాత్రి వంతులు వేసికొని శుశ్రూష చేసిరి. తీరిక దొరకినప్పుడు కూడి ధ్యానించిరి, కీర్తనలు పాడిరి. మనస్సును కంఠముమీద నిలిపి రోగమును పోగొట్టుకొనుమని గురువుగారిని ప్రార్థించినవారును గలరు. భగవంతునికర్పించిన మనస్సును ఈ దేహముమీదికి మరల్చుట తగదని ఆయన యందుకు సమ్మతింపలేదు. 1886 ఆగస్టు 16వ తేదిని ఆయన దేహము చాలించెను. ప్రార్థన విఫలమైనదందమా? ఆ రోగశయ్యచుట్టు కూడిన యువకులనుండియే రామకృష్ణమఠము పుట్టెను. నరేంద్రుడు వివేకానందుడై 1897లో స్థాపించిన రామకృష్ణమిషను నేడు దేశమందంతట ఆసుపత్రులు నడుపుచున్నది. అచ్చట శుశ్రూషయు ధ్యానమును వేఱుగా నుండలేదు. పథ్యపుగిన్నె కడిగిన చేయియే జపమాలను త్రిప్పినది.

ఇక మన కాలపు వైద్యశాస్త్ర మేమి చెప్పుచున్నదో విచారింతము. అమెరికాదేశమున ఆఱు ఆసుపత్రులయందు హృదయమునకు బైపాసు శస్త్రచికిత్స చేయించుకొన్న 1802 మంది రోగులను మూడు వర్గములుగా విభజించి పరిశోధన చేసిరి. హెర్బర్ట్ బెన్సన్ అను వైద్యుడు ముఖ్యుడుగా చేసిన ఆ పరిశోధన 2006లో ప్రకటింపబడెను. "మీకొఱకు ప్రార్థింపవచ్చును, ప్రార్థింపకపోవచ్చును" అని మొదటి రెండు వర్గములవారికి జెప్పి, అందొక వర్గమునకు మాత్రమే ప్రార్థన చేయించిరి. ప్రార్థింపబడిన వారిలో నూటికి 52 మందికిని, ప్రార్థింపబడనివారిలో 51 మందికిని శస్త్రచికిత్సానంతరము ఉపద్రవములు కలిగెను. అనగా భేదము లేదు. "మీకొఱకు తప్పక ప్రార్థింతురు" అని చెప్పబడిన మూడవ వర్గములో నూటికి 59 మందికి ఉపద్రవములు కలిగెను! తమ స్థితి అంత విషమించినదా యని వారు భయపడియుందురని కొంద ఱూహించిరి. ఇది విని భక్తులు చిన్నబుచ్చుకొన నక్కఱలేదు. ఆ ప్రార్థించినవారు దూరమునందున్న యపరిచితులు. రోగి ముఖమును చూడలేదు; అతని నుదుట చేయి పెట్టలేదు. దూరమునుండి పేరు చదివి చేసిన ప్రార్థన దేహమును బాగుచేయునని ఈ పరిశోధనలో ఋజువు కాలేదు. సత్యమును సత్యముగా నంగీకరింతము.

చేరువ కూర్చుండుటను గుఱించి వేఱొక కథ గలదు. డేవిడ్ స్పీగెల్ అను వైద్యుడు శరీరమందు వ్యాపించిన రొమ్ముపుండుతో బాధపడు 86 మంది స్త్రీలలో కొందఱను వారమున కొకమాఱు కూడి తమ భయములను, బాధలను చెప్పుకొనునట్లు చేసెను. వారు తక్కినవారికంటె ఎక్కువ కాలము జీవించిరని 1989లో ప్రకటించెను. లోకమంతయు సంతోషించెను. కాని 2001లో కెనడాదేశపు వైద్యులు 235 మంది స్త్రీలతో ఆ పద్ధతినే పరీక్షింపగా ఆయుర్దాయము పెరుగలేదు. అయినను కూటములకు వచ్చిన స్త్రీలకు మనోవ్యథయు నొప్పియు తగ్గినవి; ఎవరు మొదట ఎక్కువ క్రుంగియుండిరో వారికే ఎక్కువ మేలు కలిగెను. అవి ప్రార్థనకూటములు గావు. మనస్సు విప్పి చెప్పుకొను కూటములు. అందుచేతనే ఆ ఫలితము నాకు విలువైనదిగా దోచినది. మా యక్కగారికి అట్టి కూటమొకటి యుండినచో ఆమె మొదటి వారముననే నోరు తెఱచియుండెడిది గదా యని, ఆ సంగతి చదివిననాడు నేను కన్నీరు విడిచితిని.

ధ్యానమును గుఱించియు నొకమాట. బెర్నార్డి అను ఇటలీదేశపు వైద్యుడును ఆయన సహచరులును 23 మంది ఆరోగ్యవంతులచేత క్రైస్తవుల జపమాల ప్రార్థనను, మన యోగమంత్రమును జపింపజేసి చూచిరి. రెండింటియందును శ్వాస నిమిషమునకు ఇంచుమించు ఆఱు పర్యాయములకు దిగెను. గుండె, రక్తపోటుల లయ కుదురుకొనెను. ఇది 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌యందు ప్రకటింపబడినది. ఏ మతమువారి జపమైనను ఊపిరిని నెమ్మదింపజేయుననుట గమనింపదగినది. కాని రోగి యొంటరిగా ధ్యానింపగలడా? పతంజలి యోగమునకు తొమ్మిది యంతరాయములను చెప్పుచు అందు వ్యాధినే మొదట పెట్టెను. జ్వరముతో మూల్గువానికి చిత్తైకాగ్రత యెట్లు కలుగును? కాబట్టియే తోడివారు కావలయును. మన పూర్వులు ఊరూర భజనమందిరములు కట్టి, ఏకాహములు, సప్తాహములు నడపినది ఊరక కాదు. గొంతు లేనివానికి పదిమంది గొంతు లరువిచ్చుటయే సామూహిక ప్రార్థన.

ఇక నేను బొందిన మేలును చెప్పుదును. 2019 ఆరంభమున నాకు నడుము నొప్పిగా మొదలై, పిమ్మట కాళ్లు తిమ్మిరెక్కెను. ఈసారి నేను మండలము లెక్కింపలేదు. తిన్నగా ఆసుపత్రికి బోయితిని. వెన్నెముకకు క్షయ సోకినదని చెప్పిరి. పండ్రెండు మాసములు మందులు మ్రింగవలయును. మొదటి మూడు మాసములు మంచము విడువరాదు. అది నా ఊపిరితిత్తులయందు లేనందున ఇతరుల కంటదని వైద్యుడు స్పష్టముగా చెప్పెను. అయినను క్షయ యను మాట విని మన వీధివారే గడప దాటి రాలేదు. వచ్చిన యొకరిద్దఱు వాకిట నిలిచి, ఏ జన్మమునాటి కర్మమో యని నిట్టూర్చి పోయిరి. ఆ మాట వ్యాధికంటె నెక్కువగా బాధించెను. కాళ్లు కదలునో లేదో, నా భార్యకు నేను భారమగుదునేమో యని రాత్రులు దూలములు లెక్కించుచు పరుండితిని. చావవలెనను కోరికయు గలిగినదని ఒప్పుకొనుటకు నాకిప్పుడు సిగ్గులేదు.

అట్టి స్థితిలో నా పూర్వసహోద్యోగి యొకరు ఒక శనివారము సాయంకాలము నలుగురిని వెంటబెట్టుకొని వచ్చెను. మంచము చుట్టు చాపలు పఱచుకొని కూర్చుండిరి. ఆయన యడిగిన మొదటి ప్రశ్న, "మాత్రలు సరిగా మ్రింగుచున్నారా?" అని. మాత్రలపెట్టె తెప్పించి లెక్కించెను. పిమ్మట నా బాధ యేమని యడిగి, నేను చెప్పినంతసేపు నడుమ పలుకక వినెను. తరువాత అరగంట సహస్రనామము. పది నిమిషములు మౌనధ్యానము. కన్నులు మూసికొని ఊపిరి వచ్చిపోవుటను మాత్రము గమనింపుమనిరి. నేను నాలుగు నిమిషములు గమనించితిని. ఆఱు నిమిషము లేడ్చితిని. ఎవ్వరును నన్ను ఓదార్పలేదు, లేచి పోలేదు. పోవునప్పుడు "వచ్చే శనివారము వత్తుము" అనిరి. అంతే.

సోదరులారా, ఆశ యనగా నేమో నాకానాడు తెలిసినది. రోగము కుదురునను నిశ్చయము ఆశ గాదు. ఆ నిశ్చయము వైద్యునికే లేదు. వచ్చే శనివారము నాకొఱకు నలుగురు వత్తురు, అంతవఱకు బ్రతికియుండవలయునను తలంపే నాకు ఆశయయ్యెను. మూడవ మాసమున మందులవలన వికారము పుట్టి, అన్నము సహింపక, మాత్రలు మానివేయుదుననుకొంటిని. ఎవరో యొక పసరువైద్యుని పేరును జెప్పిరి. శనివారమున ఈ మాట వారితో జెప్పితిని. వారు నన్ను మందలింపక, మఱునాడే ఆసుపత్రికి గొనిపోయిరి. వైద్యుడు మాత్రలు వేసికొనవలసిన వేళను మార్చి, వికారమునకు వేఱొక మందిచ్చెను. ప్రార్థన నా వెన్నెముకను బాగుచేసినదని నేననను, మందులు బాగుచేసినవి. ఆ మందులను నేను విడువకుండ చేసినది మాత్రము ఆ శనివారములే.

ఒక శనివారము పెద్దవాన కురిసెను. ఎవ్వరును రారని తలంచి గోడవైపునకు తిరిగి పరుంటిని. ఒక్కడు మాత్రము తడిసి వచ్చెను. అతడు నా పూర్వశిష్యుడు. సంస్కృతమున తప్పి చదువు మానిన బాలుడు. ఇప్పుడు ఆటో నడుపుకొనుచున్నాడు. మన కులమువాడు గాడు. "పంతులుగారూ, ఎవ్వరు రాలేదు గదా, నేనే చదువుదునా?" అని పుస్తకము తీసికొనెను. మహాప్రాణములన్నియు అల్పప్రాణములయ్యెను, సమాసములు విఱిగెను, ఒక పుట రెండుమార్లు చదివెను. ముప్పదియైదేండ్లు తప్పులు దిద్దిన నేను ఆనాడొక్క తప్పును దిద్దలేదు. అంత శుద్ధమైన పారాయణమును నేను మఱి వినలేదు.

2020 ఆరంభమునకు నేను కఱ్ఱ సాయముతో నడచితిని. ఆ మార్చి మాసముననే కరోనా వలన కూటములు నిలిచెను. కూడుటయే రోగమును వ్యాపింపజేయునప్పుడు కూడకుండుటయే ప్రార్థనయని మేము నిశ్చయించి, టెలిఫోనుమీదనే శనివారములు సాగించితిమి. ఆసుపత్రులలో నొంటరిగా నున్నవారికి ఆ పది నిమిషముల గొంతులే బంధువులయ్యెను.

మహాశయులారా! ఈ యనుభవము నాతో ముగియరాదు. కావున మన సంఘము విచారించుటకు నాలుగు ప్రార్థనలు చేయుచున్నాను.

మొదటిది: ప్రతి శాఖయందును అయిదుగురు సభ్యులతో నొక కూటము నేర్పఱపవలయును. రోగి కోరినచోటికే వారమున కొకమాఱు పోవలయును. రోగి యనుమతి లేక అతని పేరును, వ్యాధిని బయట చెప్పరాదు. పెండ్లిసంబంధములు చెడునని రోగములు దాచుకొను మన యిండ్లలో ఈ నియమము ప్రాణమువంటిది.

రెండవది: వైద్యుని చూచితిరా యను ప్రశ్న ప్రార్థనకు ముందు రావలయును. చూడనివారిని వెంటబెట్టుకొని పోవలయును. ఎవ్వరును మందులు సూచింపరాదు, మానుమనరాదు, కర్మమను మాట యెత్తరాదు. ముఖ్యముగా స్త్రీలు తమ బాధ చెప్పుకొనుటకు స్త్రీలే యుండు కూటములు వేఱుగా కావలయును. ఈ యొక్కటి మా యక్కగారి పేర నేను యాచించునది.

మూడవది: కూటమునకు హుండి యుండరాదు; ఛాయాచిత్రములు తీయరాదు. ధనము వేఱుచోట కావలసియున్నది. పట్టణములందలి మన సత్రములలో రెండేసి గదులను, ఆసుపత్రికి వచ్చు రోగుల తోడివారికి ఉచితముగా నిచ్చుటకు దాతలు ముందుకు రావలయును. ఆసుపత్రి వసారాలో దిండు లేక పరుండిన తల్లి కొక గది యిచ్చుట వేయి నామములతో సమానము.

నాలుగవది: ఇది కులసంఘము. ఐనను రోగమునకు కులము లేదు. నా మంచముచుట్టు కూర్చుండినవారిలో నెవరి కులమేమో నేనడిగియుండినచో ఆ వాననాడు నాకెవ్వరును లేకపోయెడివారు. కూటముయొక్క తలుపు పిలిచిన వారికెల్ల తెఱచియుండవలయును.

కుదురని రోగములును గలవు. అప్పుడును శనివారము రావలయును. అప్పుడే ముఖ్యముగా రావలయును. చేయదగినది యేమియు లేదని వైద్యుడు చెప్పిన తరువాత చుట్టములు పలుచబడుదురు. ఆ వేళ చేయి పట్టుకొని కూర్చుండు నలుగురే మనుష్యునికి కడపటి ఆశ.

మా యక్కగారు నన్నడిగిన ప్రశ్న యిప్పటికిని నా చెవులలో నున్నది: "ఏమి చేయుమందువో చెప్పుము." అక్కా, నేను ముప్పది సంవత్సరములు ఆలస్యముగా చెప్పుచున్నాను. రేపు ప్రొద్దుటనే వైద్యురాలియొద్దకు పోదము. నేను వెంట వత్తును. సాయంకాలము అందఱము నీ చుట్టు కూర్చుందుము. నీవు చెప్పినంతసేపు విందుము. తరువాత ప్రార్థింతము.